సేవా సంఘాల్లో నాయకత్వం: శిక్షణతోనా, పదవితోనా, పనితోనా?

2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో వరంగల్ నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వచ్చిన మొగుళ్లపల్లి లాంటి మండలాల్లో సేవ పేరుతో పనిచేసే సంఘాలకు కొదవ లేదు. ఊరూరా యువజన సంఘాలు, అంబేద్కర్ సంఘాలు, కుల సంఘాలు, పూర్వ విద్యార్థుల బృందాలు, మహిళా పొదుపు గ్రూపులు ఉంటాయి. కాస్త పెద్ద పట్టణాలకు వెళితే లయన్స్, రోటరీ, వాసవి క్లబ్బులు కనిపిస్తాయి. రక్తదానాలు, కంటి శిబిరాలు, బడిపిల్లలకు నోటు పుస్తకాలు, ఎండాకాలం చలివేంద్రాలు, వానాకాలం మొక్కలు నాటడం. చేసే పనులు ఎక్కడైనా దాదాపు ఒకటే. వీటన్నిటినీ వెంటాడుతున్న ప్రశ్న కూడా ఒకటే. సంఘం పెట్టిన మనిషి ఊరు విడిచినా, ఆరోగ్యం చెడినా, రాజకీయాల్లోకి వెళ్లినా ఆ సంఘం ఎందుకు చతికిలబడుతోంది? అంతమంది సభ్యుల్లో ఆ భారం అందుకునే రెండో మనిషి ఎందుకు తయారు కావడం లేదు?

దీనికి జవాబు చెప్పేవాళ్లు తలా ఒక దారి పట్టారు. నాయకుడు పుట్టాలే తప్ప తయారు కాడని కొందరు, శిక్షణ తరగతులు పెట్టాలని కొందరు, పదవి ఇస్తే మనిషే ఎదుగుతాడని కొందరు, పనిలో పడితే అన్నీ అవే వస్తాయని ఇంకొందరు. కుల, ధన, స్త్రీపురుష భేదాలను పక్కనపెట్టి నాయకత్వం గురించి మాట్లాడటమే తప్పనేవారూ ఉన్నారు. ఈ వాదాలను, వాటి వెనుక ఉన్న అనుభవాన్ని వరుసగా చూశాక నాకు తేలిన మాట ఇది: నిర్ణయించే అధికారం, ఖర్చు పెట్టే డబ్బు, లెక్క చెప్పాల్సిన బాధ్యత, ఈ మూడూ ఒకేసారి సభ్యుడి చేతికి అందిన చోట నాయకులు తయారయ్యారు. ఏ ఒక్కటి అందకపోయినా ఎన్ని తరగతులు పెట్టినా, ఎన్ని పదవులు పంచినా ఫలితం అంతంతమాత్రమే.

చర్చకు వెనుక ఉన్న చరిత్ర

క్లబ్బులతోనే మనకు సంఘజీవితం మొదలైందని అనుకోవడం పొరపాటు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. షికాగోలో పాల్ హారిస్ రోటరీని ప్రారంభించింది 1905 ఫిబ్రవరిలో. అంటే ఓరుగల్లు గడ్డ మీద తెలుగు గ్రంథాలయం దానికంటే ముందే తలుపులు తెరిచింది. ఆ రోజుల్లో గ్రంథాలయం పుస్తకాల గదిగానే మిగిలిపోలేదు. చందాలు పోగుచేయడం, కార్యవర్గాన్ని ఎన్నుకోవడం, వార్షిక సభలో జమాఖర్చులు చదివి వినిపించడం, ఎదుటివాడి మాటకు సభలో నిలబడి జవాబివ్వడం అక్కడే నేర్చుకున్నారు. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటేనే అనుమతి కావలసిన కాలంలో అది చిన్న సంగతి కాదు.

ఆ బడి నుంచి ఎవరు వచ్చారో చూస్తే దాని విలువ తెలుస్తుంది. 1921లో ఆంధ్ర జన సంఘం ఏర్పడింది. దాని కొనసాగింపుగా 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. మరుసటి ఏడు దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు, 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు, రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి భారీ ఆధిక్యంతో లోక్‌సభకు వెళ్లారు. ఒకే సంఘం అటు పాలకులనూ ఇటు ప్రతిపక్ష నాయకులనూ ఇచ్చింది. వాళ్లకు నాయకత్వం మీద ఎవరూ పాఠాలు చెప్పలేదు. చేయవలసిన పని, అడిగే సభ్యులు, ఎదుర్కోవలసిన ప్రభుత్వం మాత్రం రోజూ కళ్లముందు ఉన్నాయి.

అంతర్జాతీయ క్లబ్బుల ధార వేరు. 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో పుట్టిన లయన్స్ 1956లో బొంబాయి ద్వారా మన దేశానికి వచ్చింది. రోటరీ 1920లోనే కలకత్తాలో అడుగు పెట్టింది. సేంట్ లూయిస్‌లో 1915లో మొదలైన జేసీస్ ఉద్యమం యువకులకే పరిమితమై, వక్తృత్వాన్నీ నాయకత్వ శిక్షణనూ తన ప్రధాన లక్ష్యాల్లో చేర్చుకుంది. ప్రభుత్వాలు కూడా ఈ దారిలోకి వచ్చాయి. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలతో జాతీయ సేవా పథకం, 1972లో నెహ్రూ యువ కేంద్రాలు మొదలయ్యాయి. 1982లో డ్వాక్రా, 2000లో వెలుగు వచ్చాక నాయకత్వ చర్చ పట్టణపు విందు హాలు దాటి ఊరి మహిళల చాప మీదికి చేరింది. ఇప్పుడు ఈ మూడు ధారలూ ఒకే మండలంలో పక్కపక్కనే ప్రవహిస్తున్నా ఒకరి అనుభవం ఇంకొకరికి చేరడం లేదు. చర్చ చిక్కుపడటానికి అదొక ముఖ్య కారణం.

వాదాలు, వాటి బలాబలాలు

నాయకుడు పుడతాడనే వాదానికి పాశ్చాత్య లోకంలో థామస్ కార్లైల్ 1840 ఉపన్యాసాలు ఆధారం. మన ఊళ్లలో దీనికి గ్రంథాధారం అక్కరలేదు, ‘అది వాళ్ల రక్తంలోనే ఉంది’ అనే మాట చాలు. రాల్ఫ్ స్టాగ్డిల్ 1948లో 124 అధ్యయనాలను పరిశీలించి, ఏ కొన్ని గుణాలో ఉన్నంత మాత్రాన మనిషి అన్ని చోట్లా నాయకుడు కాలేడని, సందర్భాన్ని బట్టి నాయకత్వం మారుతుందని తేల్చారు. 1974లో ఆయనే మళ్లీ పరిశీలించి వ్యక్తిగుణాలకూ కొంత పాత్ర ఉందని ఒప్పుకున్నారు. కాబట్టి స్వభావం లెక్కలోకి రాదనడం తొందరపాటే. అయితే సేవా సంఘం విషయంలో ఈ వాదం చేసే హాని ఎక్కువ. పుట్టుకతో వస్తుందంటే వెతకవలసింది ఒక్క మనిషినే అవుతుంది, మిగతావాళ్లు కుర్చీలు సర్దే పనికి మిగులుతారు.

శిక్షణ వాదం దీనికి ఎదురు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 1959లో మొదలై 1971లో రోటరీ అంతటికీ విస్తరించిన యువ నాయకత్వ శిబిరాలు ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. మాట్లాడటం, సభ నడపడం, సమయం పాటించడం నేర్పితే వస్తాయి. ఊళ్లో పదిమంది ముందు నోరు విప్పని పిల్ల మూడు రోజుల శిబిరం తర్వాత మైకు పట్టుకోగలగడం నిజమైన లాభం, దాన్ని తక్కువ చేయకూడదు. చిక్కంతా ఆ తర్వాతే. శిబిరం నుంచి తిరిగొచ్చిన పిల్లకు సంఘంలో ఏ పని అప్పగించారన్నది ఎవరూ అడగరు. వందన సమర్పణ చేసే అవకాశంతోనే ఆమె శిక్షణ ముగిసిపోతుంది.

పదవే బడి అన్నది మూడో వాదం. లయన్స్, రోటరీ క్లబ్బుల్లో ఏటా జూలై 1న కొత్త కార్యవర్గం వస్తుంది. ఎంత సమర్థుడైనా అధ్యక్షుడు ఏడాదికి దిగిపోవలసిందే. ఇందులో గొప్ప ప్రజాస్వామిక సూత్రం ఉంది, ఎక్కువమందికి అనుభవం దక్కుతుంది. మన దగ్గర దానికి పట్టిన తెగులు కూడా చెప్పుకోవాలి. ప్రమాణ స్వీకారానికి రెండు నెలలు, ఫ్లెక్సీలు, శాలువాలు, మెమెంటోలు, పై అధికారుల పర్యటనలు అన్నీ పోను మిగిలిన కాలంలో అధ్యక్షుడు కొత్త పని మొదలుపెట్టలేడు. నడుస్తున్న పనిని అందుకోవడం నేర్చుకోక ముందే ఏడాది గడిచిపోతుంది. పదవి చేతులు మారుతుంది, పని మాత్రం అది తెలిసిన ఆ ఒక్క పాత సభ్యుడి దగ్గరే ఉండిపోతుంది.

పనిలోనే నాయకత్వం అన్న నాలుగో వాదానికి బలమైన ఆధారం పిల్లల క్లబ్బుల నుంచే వచ్చింది. కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ అమెరికాలోని అయోవాలో పదేళ్ల వయసు బాలురతో చిన్న క్లబ్బులు ఏర్పరచి 1939లో ఫలితాలు ప్రకటించారు. అంతా తానై ఆజ్ఞాపించే పెద్ద గది నుంచి బయటికి వెళ్లగానే పిల్లల పని పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న క్లబ్బులో పెద్ద లేకపోయినా పని దాదాపు అలాగే సాగింది. వ్యవస్థాపకుడు లేని రోజున సంఘం ఏం చేస్తుందన్న మన ప్రశ్నకు ఇంతకంటే సూటి సమాధానం మరొకటి కనిపించదు.

ఇక అయిదో వాదం ఈ నాలుగింటినీ నిలదీస్తుంది. ఏ సంఘమైనా చివరికి కొద్దిమంది గుప్పిట్లోకే పోతుందని రాబర్ట్ మిషెల్స్ 1911లోనే హెచ్చరించారు. రోటరీ స్త్రీలకు ప్రపంచవ్యాప్తంగా సభ్యత్వం ఇచ్చింది 1989లో, లయన్స్ 1987లో. సేవ చేయడానికి ఎవరైనా పనికొస్తారు, నడిపించడానికి మాత్రం కొందరే అన్న అలవాటు దశాబ్దాల పాటు నిబంధనగానే ఉంది. మన ఊళ్లలో అది నిబంధనల పుస్తకంలో లేకపోయినా, వేదిక మీద ఎవరు కూర్చున్నారో, భోజనాల దగ్గర ఎవరు వడ్డిస్తున్నారో చూస్తే తెలుస్తుంది. ఈ విమర్శ నిజం. కాకపోతే విమర్శ దగ్గరే ఆగితే దారి దొరకదు.

మన గడ్డ మీది సాక్ష్యం

శిక్షణ పనిచేస్తుందా లేదా అన్న దానికి తెలుగునాట ప్రపంచం గమనించిన ప్రయోగమే జరిగింది. డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లో కాకినాడకు చెందిన యాభై మందికి పైగా వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణా సంస్థలో బృందాలుగా శిక్షణ ఇప్పించి, రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూశారు. లక్ష్యం పెట్టుకోవడం, తగిన సాహసం చేయడం, ఫలితాన్ని కొలుచుకోవడం ఆ తరగతుల సారం. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవారిలో దాదాపు సగం మంది కొత్త చొరవ చూపారు. శిక్షణ లేనివారిలో అది నాలుగో వంతు దగ్గరే ఆగింది. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆయన 1969లో ప్రకటించిన పుస్తకంలో శిక్షణ వాదులు చెప్పుకోదగిన విజయం ఇది. అదే పుస్తకంలో వాళ్లు సాధారణంగా ప్రస్తావించని ఇంకో సంగతి ఉంది. మార్పు ఎక్కువగా కనిపించింది వ్యాపారాన్ని సొంతంగా నడిపే అధికారం ఉన్నవాళ్లలో. ఇంకొకరి కింద పనిచేసేవారికి అవే పాఠాలు అంతగా ఉపయోగపడలేదు. వాళ్లు వ్యాపారులు, సేవా సభ్యులు కారన్న తేడా ఉన్నా, శిక్షణ ఫలించాలంటే శిక్షణ పొందిన చేతికి నిర్ణయాధికారం ఉండాలన్న పాఠం ఇద్దరికీ వర్తిస్తుంది.

వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి రెండో సాక్ష్యం. 1980లలోనే మద్యాన్ని వెళ్లగొట్టిన ఆ ఊరు తర్వాత బాలవికాస సంస్థ తోడ్పాటుతో తాగునీటి పథకం కట్టుకుంది. తన వాటా డబ్బు తానే పోగుచేసుకుంది. నీళ్లకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒకటి, పొదుపుకు ఒకటి, చివరికి కేబుల్ టీవీకీ ఒకటి చొప్పున పని పంచుకుంటూ పోయింది. ఆ ఊరి గురించి రాసేవాళ్లు సాధారణంగా అప్పటి సర్పంచ్ కూసం రాజమౌళి పేరు దగ్గర ఆగిపోతారు. ఆయన చొరవ పెద్దదే, సందేహం లేదు. అయినా ఆ ఊరి నుంచి నేర్చుకోవలసింది కమిటీల అమరికలో ఉంది. ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఏదో ఒక కమిటీలో కూర్చుని, పక్కింటివాళ్లను బకాయి అడగవలసిన పరిస్థితి అక్కడ ఏర్పడింది. పక్కింటివాళ్లను నొప్పించకుండా బకాయి వసూలు చేయడం ఏ శిబిరంలోనూ నేర్పలేని నాయకత్వం.

మూడో సాక్ష్యం ఏటా రెండు పంటలకూ ఈ మండలాల్లోనే కనిపిస్తుంది. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం పనిని దగ్గరగా చూడండి. రైతులు కుప్పలు పోసి వరుసలో ఉంటారు. తేమ మిషన్‌లో 17 శాతం దాటితే ఇంకా ఆరబెట్టమని చెప్పాలి, ఆ రైతు తన మేనమామే కావచ్చు. మబ్బు పట్టగానే ఉన్న టార్పాలిన్లు ఎవరి కుప్పకు ముందు కప్పాలో తేల్చాలి. గన్నీ సంచులు రాలేదు, హమాలీలు రేటు పెంచమంటున్నారు, మిల్లు దగ్గర లారీ దిగుమతి కాలేదు, తరుగు ఎందుకు తీశారని రైతు నిలదీస్తున్నాడు. సాయంత్రానికి ట్రక్ షీట్లు, తూకం లెక్కలు సరిపోవాలి. ఇదంతా పెద్ద చదువు లేని స్త్రీలు నిర్వహిస్తున్నారు. తగాదా తీర్చడం, వరుస తప్పకుండా నిలబడటం, అధికారితో మాట్లాడటం, లెక్క అప్పగించడం వాళ్లకు నిత్యకృత్యం. అయినా ఊళ్లో నాయకులెవరని అడిగితే వీళ్ల పేర్లు చెప్పేవారు తక్కువ. మనం వేదికనే నాయకత్వంగా చూడటానికి అలవాటు పడిపోయాం. ఇక్కడి లోపం కూడా దాచకూడదు. పుస్తకాల నిర్వహణ చాలా చోట్ల గ్రామ సంఘ సహాయకురాలు (వీఓఏ) ఒక్కరి మీదా, చదువు వచ్చిన ఒకరిద్దరి మీదా ఆగిపోతోంది. లెక్క రాసేవారికీ సభ్యులకూ మధ్య దూరం పెరిగిన కొద్దీ బాధ్యత కూడా అటే జారిపోతుంది.

అభ్యంతరాలు

సేవా సంఘం పని సేవే కదా, నాయకుల్ని తయారు చేయడం దాని పనా అని అడిగేవారున్నారు. చూపు మందగించిన ముసలమ్మకు ఆపరేషన్ కావాలి, సభ్యుల వికాసంతో ఆమెకేం పని అన్నది న్యాయమైన ప్రశ్న. జవాబు కంటి శిబిరంలోనే ఉంది. శిబిరం రోజున బీపీ, షుగర్ పరీక్షలు, పేర్ల నమోదు, ఫోటోలు సజావుగా జరిగిపోతాయి. అసలు పని తర్వాత మొదలవుతుంది. ఎంపికైన వాళ్లను చెప్పిన రోజున బస్సెక్కించాలి, తోడు ఎవరూ లేనివారికి మనిషిని చూడాలి, ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు వేళకు వేయించాలి, మళ్లీ పరీక్షకు తీసుకెళ్లాలి. ఊరికొక సభ్యుడు తన పేరు మీద ఆ బాధ్యత రాసుకుంటేనే ఇది జరుగుతుంది. సభ్యుల వికాసాన్ని పక్కనపెట్టిన సంఘంలో సేవ కూడా శిబిరం రోజుతోనే ఆగిపోతుంది.

డబ్బు గురించిన అభ్యంతరం ఇంకా గట్టిది. దాతే అధ్యక్షుడు కాకపోతే ఖర్చు ఎవరు పెడతారంటారు. పేద మండలాల్లో ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. మన సంఘాలకు గౌరవాధ్యక్షుడనే మంచి సంప్రదాయం ఎప్పటినుంచో ఉంది. దాతకు ఆ గౌరవం ఇచ్చి, సంతకం చేసే అధికారం మాత్రం పని చేసే సభ్యులకు ఉంచడంలో ఎవరికీ అవమానం లేదు. సభ్యులు ఇచ్చే చందా నెలకు పది రూపాయలే అయినా కావచ్చు, ఆ పది రూపాయలు ఇచ్చినవాడే లెక్క అడుగుతాడు. బయటి దాత సొమ్ముతోనే నడిచే సంఘంలో లెక్క అడిగే గొంతు పుట్టదు.

పదవులు తరచూ మారితే నిలకడ పోతుందంటూ కొందరు ములుకనూరు సహకార సంఘాన్ని చూపిస్తారు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నెలకొల్పిన ఆ సహకార సంఘం దశాబ్దాల పాటు ఆయన నాయకత్వంలోనే ఎదిగిందన్నది వాస్తవం. ఒక మనిషి దీక్ష సంస్థను నిలబెడుతుందనడానికి అది తిరుగులేని రుజువు. కానీ సంఘం ఆయన తర్వాత కూడా నిలవడానికి కారణం, సభ్యులు అందులో అప్పు తీసుకుని, పంట అమ్ముకుని, లాభనష్టాలు పంచుకోవడమే. అదే నేల మీద తర్వాత మొదలైన మహిళా పాల సహకార సంఘం పాలు పోసే స్త్రీలే సభ్యులుగా, పాలకులుగా నడుస్తోంది. 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద ఈ ప్రాంతంలో పెరిగిన పొదుపు సంఘాలు ఇంకో ఉపాయం చూపించాయి. పాలకవర్గం మొత్తాన్ని ఒకేసారి మార్చకుండా ఏటా మూడో వంతు మందిని దింపి కొత్తవారిని ఎన్నుకోవడం. పాతవారి దగ్గర కొత్తవారు పని నేర్చుకుంటారు, ఎవరూ పాతుకుపోరు. ఏడాది అధ్యక్షుడికీ జీవితకాల అధ్యక్షుడికీ మధ్య ఇంత మంచి దారి మన పక్కనే ఉండగా క్లబ్బులు దీన్ని పరిశీలించకపోవడం విచారకరం.

ఇంకా తేలనివి

సంఘం రాజకీయాలకు మెట్టు అవుతుందన్న భయం గురించి ఏకాభిప్రాయం లేదు. యువజన సంఘం అధ్యక్షుడు వార్డు సభ్యుడిగానో సర్పంచ్‌గానో నిలబడగానే సంఘం రెండు ముక్కలవుతుందని ఒక పక్షం అంటుంది. ఆంధ్ర మహాసభ నుంచి వచ్చినవాళ్లు రాజకీయాల్లోకి వెళ్లకపోతే మన చరిత్రే వేరుగా ఉండేదని మరో పక్షం. పోటీ చేసేవారు సంఘం పదవి ముందే వదులుకోవాలన్న నియమం కొంత మేలు చేయవచ్చు, అయినా చీలికను పూర్తిగా ఆపుతుందని చెప్పలేం. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం గ్రామైక్య సంఘం అధ్యక్షురాలికి పంచాయతీలో కోఆప్షన్ సభ్యురాలిగా చోటు కల్పించి ఈ రెంటికీ మధ్య గోడను కొంత పలచన చేసింది. దాని మంచిచెడ్డలు ఇంకా తేలాలి.

వలస రెండో చిక్కు. పని నేర్చుకున్న కుర్రాళ్లు హనుమకొండకో హైదరాబాదుకో వెళ్లిపోతారు, మిగిలేది వాట్సాప్ గ్రూపు. దూరంగా ఉన్న సభ్యుడు డబ్బు పంపగలడు, సలహా ఇవ్వగలడు, చుక్కల మందు వేయించలేడు. ఊళ్లో ఉండిపోయే స్త్రీలకే సంఘాల బాధ్యత అప్పగించడం ఇందుకు సహజమైన పరిష్కారంగా కనిపిస్తుంది. ఇంటి చాకిరీ, కూలి పని, పొదుపు సంఘం లెక్కల మీద ఇదొక అదనపు బరువు కాకుండా ఎలా చూడాలన్నది మాత్రం ఎవరూ సరిగా ఆలోచించలేదు. కొలమానం మూడో చిక్కు. ఎన్ని యూనిట్ల రక్తం, ఎన్ని మొక్కలు, ఎన్ని నోటు పుస్తకాలన్నది ప్రతి నివేదికలో ఉంటుంది. నిరుడు సొంతంగా ఒక పని నడిపించిన కొత్త సభ్యులు ఎందరన్న గడి ఏ నివేదికలోనూ ఉండదు.

మొగుళ్లపల్లి చుట్టుపక్కల ఊళ్లలో సంఘాలు నడుపుతున్నవారికి నా విన్నపం ఇంతే. వచ్చే వార్షిక సభలో సన్మానాల కంటే ముందు జమాఖర్చుల పుస్తకం చదివి వినిపించండి. ఇంతవరకు ఏ బాధ్యతా తీసుకోని ఇద్దరు సభ్యులను, అందులో ఒకరు స్త్రీ అయ్యేలా, పిలిచి ఒక పనిని డబ్బుతో సహా పూర్తిగా అప్పగించండి. తీర్మానాల పుస్తకంలో వాళ్ల పేర్లూ, లెక్క చెప్పవలసిన తేదీ రాయండి. ఆ తేదీ వచ్చేదాకా వాళ్ల పనిలో వేలు పెట్టకండి.